బెల్లం, ధనియాలు

రాయణ్‌పోర్‌కు నేను బయలుదేరింది కాదని చెప్పి రావడానికే. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, నా బిడ్డకు తెలుసు, లింబాయత్‌లో మా గల్లీకంతా తెలుసు. పోయినేడు వేసవి అది. ఏప్రిల్‌లో కశ్మీర్‌లో ఆ ఘోరం జరిగాక, టీవీ పెడితే చాలు యుద్ధం తప్ప ఇంకో మాట వినపడని రోజులు. సరిగ్గా ఆ రోజులే చూసుకొని నా కూతురు ఉదయశ్రీ, ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం చేసుకుంటూ బుద్ధిగా ఉన్న పిల్ల, సిపాయిని చేసుకుంటానని మొండికేసింది.

పిల్లవాడి పేరు కేయూర్. వాళ్ల నానమ్మ తుంటి ఎముక విరిగి సూరత్‌లో ఆస్పత్రి పాలైతే, సెలవు మీద వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడట. ఆ ముసలమ్మకు సూదులు వేసింది నా బిడ్డ. అక్కడి నుంచి ఏం జరిగిందో నేను చెప్పాలా? గుజరాతీవాడని నాకు పట్టింపు లేదు. మా గల్లీలో ఒరియా అల్లుళ్లు ఉన్నారు, మరాఠీ కోడళ్లు ఉన్నారు, అందరూ అందరిలాగే పోట్లాడుకుంటూ కాపురాలు చేసుకుంటున్నారు. నా భయమల్లా ఆ యూనిఫామ్‌తోనే. నాకు ఒక్కగానొక్క బిడ్డ. దాని మెడలో తాళి పడ్డ ఏడాదికే జెండా కప్పిన పెట్టె ఇంటికొస్తే నేను ఏ గోడకు తల కొట్టుకోవాలి?

మా ఆయన అంబదాస్ జోల్వాలో మగ్గాల కార్ఖానాలో మాస్టరు. ఆయనకు పిల్లవాడు నచ్చాడు. ఆయనకు నచ్చని మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదనుకోండి, అది వేరే సంగతి. నేను ఇంట్లోనే కూరలు, పచ్చళ్లు చేసి బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసే తెలుగు పిల్లలకు అమ్ముతాను. బేరాలాడి బేరాలాడి నోరు పదునెక్కినదాన్ని, తీపి మాటలకు కరిగే రకం కాదు. కొన్నాళ్లు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చివరికి ఉదయశ్రీయే దిగివచ్చింది. ఒక్కసారి వాళ్ల ఇల్లు చూసి రమ్మంది, చూశాక కూడా వద్దంటే మళ్లీ ఆ పేరెత్తనంది. సరేనని ఒట్టు వేయించుకున్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధానికి ఇల్లు చూడబోతే, మాట ఇచ్చేదాకా ఆ ఇంట్లో నీళ్లు కూడా ముట్టరు. నోరు తడుపుకున్నారంటే ఒప్పుకున్నట్టే. ఉదయశ్రీతో కలిసి ముగ్గురం బస్సు కోసం నిలబడ్డప్పుడే మా ఆయనకు పాఠం చెప్పాను.

"అక్కడ ఏం పెట్టినా ముట్టకు. చాయ్ గాదు, నీళ్లు గాదు. సంచిల సీసా ఉన్నది, దూప అయితే అది తాగు."

"ఎండల గంత దూరం పోయి వాళ్ల ఇంట్ల మంచినీళ్లు గూడ తాగకపోతే ఏమనుకుంటరే?"

"ఏమన్న అనుకోనీ. మనం అనిపించుకోనీకే పోతున్నం."

కడోదరా దాటాం. జోల్వా వైపు మలుపు రాగానే కిటికీలోంచి చెయ్యి చాపి, నా కార్ఖానా అదిగో అన్నాడు, మేమెవరమో కొత్తవాళ్లమన్నట్టు. హైవే వదిలి లోపలి రోడ్డు పట్టాక గాలి మారింది. ఒకవైపు సపోటా తోటలు, ఒకవైపు మామిడి తోటలు, మధ్యలో చెరకు. వాడీలు అంటారు అక్కడ తోటలను. అంతకు ముందు రోజే అకాల వాన పడింది, కాయలు రాలి రోడ్డు పొడుగునా బురదలో పడి ఉన్నాయి. అంత కాయ నేలపాలైతే నా ప్రాణం ఉసూరుమంది.

రాయణ్‌పోర్ చిన్న ఊరే కానీ చూడటానికి జనం వస్తారు. ఆదివారాలు సూరత్ నుంచి కార్లు కూడా వస్తాయట. వెనకటి పెద్ద యుద్ధం రోజుల్లో తెల్లదొరలు అక్కడ పటాలాన్ని దింపారు. ఆ కాలం నాటి ఇటుకల బురుజు ఒకటి, సిమెంటు నీళ్ల తొట్టి ఒకటి ఇప్పటికీ ఉన్నాయి. పటాలం పోయాక ఆ నేల చాలాకాలం బీడు పడి ఉంటే, డెబ్బయ్యొకటి యుద్ధం తర్వాత ఊరివాళ్లే దాన్ని తోట చేశారు. ఊరి నుంచి అంతకు ముందు ఎవరు ఫౌజులో చేరి ఉన్నా, ఆ తర్వాత ఎవరు చేరినా ఆ ఇంటివాళ్లు అక్కడ ఒక మామిడి మొక్క నాటాలి. ఫౌజీ వాడీ అని పేరు.

బస్సు దిగగానే కేయూర్ మమ్మల్ని నేరుగా అక్కడికే తీసుకుపోయాడు. అదేం తెలివో ఆ పిల్లవాడిది. సిపాయి అంటేనే గుండె దడ పుట్టినదాన్ని, సిపాయిల తోటకు తీసుకుపోతాడా? నేను మాత్రం వాడిలో వంకలు వెతుకుతూ నడిచాను. పొట్టిగా ఉన్నాడు. ఎండకు నల్లబడ్డాడు. ముందు తను నడిచి, ముళ్లకంప ఉన్నచోట ఆగి, మా ఆయన మోచెయ్యి పట్టుకొని దాటించాడు. అది వంక కింద రాదు కనుక వదిలేశాను.

తోట మధ్యలోకి వచ్చాక కొన్ని చెట్ల మొదళ్లకు తెల్లసున్నం వేసి ఉండటం చూశాను. చెదలు పట్టకుండానా అని మా ఆయన అడిగాడు. కాదన్నాడు కేయూర్, తిరిగి రానివాళ్ల చెట్లవి అన్నాడు. ఒక చెట్టు దగ్గర ఆగి, ఇది మా తాతయ్యది అన్నాడు హిందీలో, ఇంటి చిరునామా చెప్పినంత మామూలుగా. రాజాపురి మామిడి అది, పచ్చడికి ఆ జాతిని మించింది లేదు. ఆ చెట్ల కాయలు అమ్మరట, వచ్చినవాళ్లు ఎవరైనా కోసుకోవచ్చట. కోసుకోండి ఆంటీ అన్నాడు. ఇరవై ఏళ్లుగా మామిడికాయ కనపడితే చెయ్యి ఊరుకోని మనిషిని, ఆ రోజు నా చెయ్యి పైకి లేవలేదు.

వాడి మొక్క తోట చివర్లో ఉంది. నడుమెత్తు కూడా లేదు, చుట్టూ కంచె. వానకు కంచె ఒరిగితే ఉదయశ్రీ చున్నీ నడుముకు చుట్టుకొని, బురదలో కూర్చొని దాన్ని సరిచేయడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండానే. నాకు కడుపు మండిపోయింది. మీ ఇంటికి పోదాం పదండి, వచ్చిన పని అయిపోతుంది అన్నాను.

వాళ్ల ఇల్లు తోటకు అవతలే. వాకిట్లో వెడల్పాటి అరుగు, అరుగు మీద ఉయ్యాల బల్ల. కేయూర్ తల్లి హంసాబెన్ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తండ్రి లేడు, ఎప్పుడో జబ్బుతో పోయాడు. ముసలమ్మ లోపలి నుంచి కర్ర పొడుచుకుంటూ వస్తుంటే ఉదయశ్రీ పరుగెత్తి ఆమెను పట్టుకుంది. రేవాబా అని అందరూ పిలిచే మనిషి ఆమే. నేను అటు చూస్తున్నాను. చూస్తూ, ఎలా మొదలుపెట్టాలా అని హిందీలో మాటలు కూర్చుకుంటున్నాను. ఈలోపల ఎవరో ఆడమనిషి ఇత్తడి పళ్లెంలో బెల్లం తురుము, ధనియాలు కలిపి తెచ్చి మా ఆయన ముందు పెట్టింది. నేను తల తిప్పేటప్పటికి ఆయన గుప్పెడు నోట్లో వేసుకొని నములుతున్నాడు.

లోపలి నుంచి ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. హంసాబెన్ నన్ను కావలించుకొని నా నోట్లో కూడా ఒక చిటికెడు పెట్టబోయింది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు ఎప్పుడు కాచుకొని కూర్చున్నారో, అరుగంతా నిండిపోయింది. ఎవరో ఉదయశ్రీ నుదుట కుంకుమ పెట్టారు. నా బిడ్డ ముఖం పాలిపోయింది.

"పప్పా, ఏం చేసినవ్? అది గోళ్‌ధాణా. అది తింటే సగాయీ అయిపోయినట్టే."

ఇన్నేళ్లు సూరత్‌లో ఉండి ఆ మాత్రం తెలియదా అని మీరు అడగవచ్చు. లింబాయత్‌లో మా గల్లీకి ఇటు పద్మశాలీలు, అటు మరాఠీలు, ఆ వెనక ఒరియావాళ్లు. గుజరాతీ వాళ్ల పెళ్లి నిశ్చయాలకు మమ్మల్ని ఎవరు పిలిచారు? మా పెద్దవాళ్లయితే ఎండన పడి వచ్చినవాళ్లకు బెల్లం ముక్క పెట్టి నీళ్లిచ్చేవాళ్లు. ధనియాలు ఒంటికి చలువ. మర్యాద కోసం పెట్టారనుకొని తిన్నాడు మహానుభావుడు. నేను కొరకొరా చూస్తే, చాయ్ వద్దన్నవ్, నీళ్లు వద్దన్నవ్, బెల్లం వద్దనలేదు గదా అని గొణిగాడు.

వాళ్ల తప్పూ లేదు. ఆడపిల్ల అమ్మానాన్నలు తమ గడప తొక్కారంటే ఒప్పుకొనే వచ్చారని వాళ్ల లెక్క. పిల్లవాడి సెలవు అయిపోయేలోపల శుభమా అని నోరు తీపి చేసుకోవాలని హంసాబెన్ తొందర. నేను చెయ్యి పైకెత్తాను. ఆగండి, ఒక మాట ఉంది అన్నాను. పాట ఆగింది. అంతమంది కళ్లు నా మీద పడ్డాయి. హంసాబెన్ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. సరిగ్గా అప్పుడు కేయూర్ ఫోన్ మోగింది.

వాడు అరుగు దిగి, ఎండలో నిలబడి మాట్లాడాడు. జీ సాబ్, జీ సాబ్ అన్న మాటలు తప్ప ఏమీ వినపడలేదు. ఫోన్ జేబులో పెట్టుకొని వచ్చి, వాళ్లమ్మతో కాదు, వాళ్ల నానమ్మతో చెప్పాడు. సెలవు రద్దయిందట. సాయంత్రం సూరత్‌లో బండి ఎక్కాలట. నేను ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించానో నాకు తెలియదు.

హంసాబెన్ ఏడుస్తూ లోపలికి పోయింది, వాడి బట్టలు సర్దడానికి. ఉదయశ్రీ వెనకే పోయింది. రేవాబా కర్రతో నా కాలిని తాకి, రా అన్నట్టు తల ఊపింది. పెరట్లో సపోటా చెట్ల కింద రాతి బండ మీద కూర్చోబెట్టింది. సగం గుజరాతీ, సగం హిందీ. అయినా ఒక్క మాట కూడా నాకు అర్థం కాకుండా పోలేదు.

"కాదనడానికి వచ్చావు కదూ," అంది. "నీ ముఖం చూస్తేనే తెలిసింది."

నేను దాచలేదు. అవునన్నాను.

డెబ్బయ్యొకటిలో తన భర్త యుద్ధానికి పోయిన రోజు గురించి చెప్పింది. యుద్ధం అనగానే ఆమె తండ్రి భయపడిపోయి, కూతుర్ని తీసుకుపోవడానికి ఎడ్లబండి కట్టుకొని వచ్చాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. తండ్రికి ఎదురు చెప్పలేక బండెక్కింది. భర్త గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. వెనక్కి తిరిగితే దిగిపోతానేమోనని ఎడ్ల కొమ్ముల వైపే చూస్తూ కూర్చుందట. ఆయన్ను చూడటం మళ్లీ పడలేదు.

"ఇవాళ కాదనకు," అంది రేవాబా. "వాడు తిరిగి వచ్చాక నేనే మీ ఇంటికి వచ్చి తెంపేస్తాను. తప్పు మాదేనని పదిమందిలో చెబుతాను. నోట్లో తీపి ఉండగా పోనీ వాణ్ణి."

"తిరిగి రాకపోతే?" అన్నాను. "నా బిడ్డను ఏమనుకుంటరు లోకంల? ఎవరు చేసుకుంటరు దాన్ని?"

నిష్ఠూరంగానే అన్నాను. ఆమె నా ముంజేయి పట్టుకొని కూర్చుంది. నేను సరేననలేదు, కాదనీ అనలేదు. లేచి అరుగు మీదికి వచ్చి నోరు మూసుకొని కూర్చున్నాను. నా జన్మలో నోరు మూసుకోవడం అంత కష్టమైన రోజు ఇంకొకటి లేదు.

వాడు బయలుదేరేటప్పుడు వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు. పైలం బిడ్డా అన్నాను, తెలుగులోనే. అలవాటుగా వచ్చేసింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో దేశమంతా చూసింది. విమానాలు పోయాయి, బాంబులు పడ్డాయి, టీవీలో అరుపులే అరుపులు. సూరత్‌లో ఒక సాయంత్రం సైరన్ మోగించి దీపాలు ఆర్పించారు. రిహార్సలే అన్నారు. మా గల్లీలో మగ్గాలు కూడా ఆగిపోయాయి. అప్పుడే పుట్టిన పిల్లలు కూడా ఆ చప్పుడులోనే నిద్రపోయే చోటు అది. ఒక్కసారి అంత నిశ్శబ్దం అయ్యేసరికి పక్కింటి భాగ్యలక్ష్మి భయపడి మా ఇంట్లోకి వచ్చేసింది.

ఆ రోజు పొద్దున కేయూర్ ఫోన్ చేశాడు. ఉదయశ్రీ డ్యూటీలో ఉంటే నా ఫోన్‌కు చేశాడు. అమ్మా, బాగున్నరా అన్నాడు. ఆ ఒక్క ముక్క నా బిడ్డ నేర్పినట్టుంది. తిన్నావా అంటే పూరీ, ఆలుగడ్డ అన్నాడు. పొద్దున్నే నూనెవి తింటే పైత్యం చేస్తుందని కేకలేశాను. నవ్వాడు. ఎక్కడున్నావంటే చెప్పకూడదన్నాడు. కాస్త పప్పన్నం దొరికితే తినమన్నాను. సరే అమ్మా అన్నాడు. అంతే, ఆ తర్వాత ఫోన్ లేదు.

నాకేం పట్టింది? తెంపేయబోయే సంబంధం కదా అది. అయినా ఫోన్ జాకెట్లో పెట్టుకొని వంట చేశాను. బ్యాంకు పిల్లలకు పంపిన సాంబారులో ఉప్పు మరిచాను. పొద్దునొకసారి, మాపునొకసారి రేవాబాకు ఫోన్ చేసేదాన్ని. వాడి ఫోన్ వచ్చిందా అని నేను, లేదు అని ఆమె. ఇద్దరికీ సరిగ్గా రాని హిందీలో ఇంకేం మాట్లాడతాం? అయినా ఇద్దరం పెట్టేసేవాళ్లం కాదు, ఊరికే అలా పట్టుకొని ఉండేవాళ్లం.

ఉదయశ్రీ సంగతి వేరే. అది ఫోన్‌ను చూడటమే మానేసింది. డ్యూటీకి పోతే లాకర్లో పడేసేది, ఇంటికొస్తే గూట్లో బోర్లించేది. స్నానాల గదిలో నల్లా తిప్పి చాలాసేపు కూర్చునేది. బయటికి వస్తే కళ్లు ఎర్రగా ఉండేవి, అన్నం పెడితే కక్కుకునేది. ప్రేమ అంటే అదేనేమో అనుకున్నాను. నాకు జాలి పుట్టి, వస్తడు బిడ్డా, ఏం గాదు అని తల నిమిరేదాన్ని.

కాల్పులు ఆగాయన్న మాట వచ్చిన మర్నాడు కేయూర్ ఫోన్ చేశాడు. బాగానే ఉన్నానన్నాడు. నేను పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను. బియ్యం, బెల్లం వేసి పాయసం వండి గల్లీ అంతా పంచాను. ఏం విశేషమని భాగ్యలక్ష్మి అడిగితే, మా అల్లుడు బాగున్నడని ఫోన్ వచ్చింది అన్నాను. అన్నాక గానీ నాకు వినపడలేదు నేనేమన్నానో. వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఆ మాపే రేవాబాకు ఫోన్ చేసి, మీరేం రానక్కర్లేదు, తెంపేది లేదు చేసేది లేదు అని చెప్పాను. ముసలమ్మ చాలాసేపు నవ్వింది.

జూన్ చివర్లో కేయూర్‌కు సెలవు దొరికిందని తెలిసింది. మొదటి వానలు పడుతున్నాయి. నేను ముహూర్తాలు అడగడం మొదలుపెట్టాను, మా ఆయన కొత్త చొక్కా గుడ్డ కొనుక్కొచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఆఖరి విడత పచ్చడికి ముక్కలు కొడుతుంటే ఉదయశ్రీ డ్యూటీ దిగి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నాతోని కాదు."

ఏంది కాదు అన్నాను, కత్తి ఆపకుండానే.

"కేయూర్‌తోని శాదీ. నాతోని కాదమ్మా."

నేను కత్తి కింద పెట్టాను. అది ఏడవడం లేదు. చాలా రోజులుగా లోపల లోపల చెప్పుకొని చెప్పుకొని అరిగిపోయిన గొంతుతో చెప్పింది.

"ఐసీయూ బయట కూసునేటోళ్లను రోజూ చూస్త నేను. తలుపు తెరిస్తె చాలు, అందరు లేచి నిలబడ్తరు. మంచి మాట చెప్తనా, చెడ్డ మాట చెప్తనా అని నా మొహం చూస్తరు. ఆ దినాలల్ల నేను గట్లనే అయిన. ఆయన ఇంక ఎన్నో ఏండ్లు నౌకరీ చేస్తడు. అన్ని ఏండ్లు నేను లేచి నిలబడలేను."

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. సిపాయి అని ముందు తెల్వదా అన్నాను, వద్దు వద్దంటే నన్ను ఈడ్చుకుపోయింది నువ్వు కాదా అన్నాను, మాట ఇచ్చిన ఇంటికి ఏ మొహం పెట్టుకొని పోవాలన్నాను. ఆస్పత్రిలో ముసలమ్మ ఏడుపు తుడిచిన చేతులతో ఇప్పుడు ఆమెనే ఏడిపిస్తావా అన్నాను. అది తల వంచుకొని అంతా పడింది. నేను ఆగాక నెమ్మదిగా అంది.

"నువ్వు కాదంటున్నన్ని దినాలు నాకు ధైర్యముండె అమ్మా. గా రోజు నువ్వు గమ్మున కూసున్నవ్. ఇంక ఎవలూ ఆపరని తెల్సినంక నాకు నిజంగ భయమైంది."

ఇంకేం అనను? నా కడుపున పుట్టిన పిల్ల, ఇరవైనాలుగేళ్లు నా చేతి అన్నం తిన్న పిల్ల. ఆ భయం నేను నూరిపోసిందే. ముక్కలన్నీ నల్లబడిపోతున్నా అలాగే కూర్చున్నాం ఇద్దరమూ.

ఫోన్‌లో చెప్పనంది ఉదయశ్రీ. వాడు బండి దిగిన రోజు తనే స్టేషన్‌కు పోయి ముఖం మీద చెప్పి వచ్చింది. ఏమన్నాడే అంటే, ఠీక్ ఛే అన్నాడంది, సరే అని. తనను ఆటో ఎక్కించి పోయాడంది. ఆ పూట నా బిడ్డ రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నది. ఎన్నాళ్లకో దాని కంచం ఖాళీ అవడం చూసి నాకు ఏడవాలో సంతోషపడాలో తెలియలేదు.

కానీ పెద్దవాళ్ల మాట పెద్దవాళ్లే తిరిగి ఇచ్చుకోవాలి. తిన్నోణ్ణి నేను, నేనే పోత అన్నాడు మా ఆయన. చెప్పులు తొడుక్కొని, గడపలోనే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వుండు, నేను పోత అని బయలుదేరాను. దారంతా వాన. మే నెలలో నాలుక చివర పెట్టుకొని పోయిన మాటే, కొత్తదేం కాదు. అయినా బస్సులో ఎన్నిసార్లు కూడబలుక్కున్నా మాటలు కుదరలేదు.

నన్ను చూడగానే హంసాబెన్ లోపలికి పోయి తలుపు వేసుకుంది. అప్పటికే కేయూర్ చెప్పి ఉంటాడు. రేవాబా అరుగు మీద ఉయ్యాలలో కూర్చొని ఉంది. నేను కింద కూర్చొని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె అంతా వినలేదు.

"ఈ కాదన్నది నువ్వా, నీ బిడ్డా?"

"నా బిడ్డే," అన్నాను. "నేను కాదనలే. దేవుని తోడు, నేను కాదనలే బా."

"అయితే మంచిది," అంది. "బండెక్కేదేదో తనంతట తనే ఎక్కింది."

అంటూనే ముఖం పక్కకు తిప్పుకుంది. కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. నేను ఆమె కాళ్లు పట్టుకుంటే, లే, బస్సు పోతుంది అంది.

గొడుగు పట్టి నన్ను బస్సు దాకా దింపింది కేయూరే. గొడుగంతా నా మీదే పట్టి తను తడిశాడు. తోట పక్క నుంచి నడిచాం. ఏదైనా అడుగుతాడేమో, తిడతాడేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. బస్సు వచ్చాక, నా నంబర్ ఉంది గదా, ఎప్పుడన్న ఫోన్ చెయ్యి బిడ్డా అన్నాను. వాడు తల ఊపాడు. చెయ్యడని ఆ ఊపులోనే తెలిసింది.

చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు, మేమేమవుతాం వాడికి? ఏడాది కావస్తోంది. ఉదయశ్రీ మళ్లీ మునుపటి మనిషి అయింది. ఒళ్లు చేసింది, నవ్వుతోంది, డ్యూటీ నుంచి వస్తూ పానీపూరీ తిని వచ్చి నాతో తిట్లు తింటోంది. బ్యాంకులో పనిచేసే తెలుగు అబ్బాయి అనీష్ సంబంధం ఒకటి వచ్చింది, ఇద్దరూ సినిమాకు కూడా పోయి వచ్చారు. దాన్ని చూస్తే నా కడుపు చల్లగానే ఉంటుంది. అది చేసిన పని తప్పని నేను ఇప్పుడు అనను.

మొన్న మధ్యాహ్నం మళ్లీ టీవీలో సరిహద్దు దగ్గర కాల్పులని వచ్చింది. ఒకటో రెండో ప్రాణాలు పోయాయన్నారు, పేర్లు చెప్పలేదు. ఉదయశ్రీ రిమోట్ తీసి పాటలు పెట్టింది. నేను బియ్యం కడిగే వంకతో వెనక్కి పోయి రేవాబాకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. చివరికి ఎత్తింది. నేను అడగకముందే చెప్పింది, ఇప్పుడే మాట్లాడాడు, బాగానే ఉన్నాడు అని. చేతిలో బియ్యం గిన్నె ఎక్కడ పెట్టానో తెలియదు, అక్కడే నేల మీద కూర్చొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

ఉదయశ్రీ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమైందమ్మా? ఎవలకేమైంది?"

"ఏం గాలేదు," అన్నాను. "ఎవలో లే, మనోళ్లు గాదు."